టాబ్లెట్ స్క్రీన్ మూల పసుపుగా మారింది, ఇప్పుడు మధ్యలో తెల్ల మరక కూడా వచ్చింది. ఏం చేయమంటారు?

గీతలగూడు

అందరికీ నమస్తే. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నా టాబ్లెట్ కొని పది నెలలైంది. ఎల్‌సీడీ స్క్రీన్. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడం నా పని, రోజంతా దీని మీదే ఉంటాను. రెండు నెలల కిందట తెల్ల పేజీ తెరిచినప్పుడు కింద ఎడమ మూల కాస్త పసుపుగా అనిపించింది, పాత పుస్తకాల కాగితం అంచులు ఉంటాయే, ఆ రంగు. కళ్లు అలసిపోయాయేమో అనుకుని వదిలేశాను. అసలు సంగతి బయటపడింది పోయిన నెలలో. ఒక బొమ్మలో కింద చెరువు నీళ్లు వేసి పంపిస్తే, "ఎడమ పక్క నీళ్లు ఒక్కచోటే ఇంత ముదురు నీలం ఎందుకొచ్చాయి?" అని అటునుంచి అడిగారు. ఫోన్‌లో తెరిచి చూస్తే నిజమే. స్క్రీన్ మూలలో ఉన్న పసుపును నేను బొమ్మలోని పసుపు అనుకుని, అది పోవడానికి అక్కడ నీలం మీద నీలం పూసేశానన్నమాట. మూడు పేజీలు ఫోన్ పక్కన పెట్టుకుని మళ్లీ సరిదిద్దాను. అప్పటి నుంచి ఏ రంగు వేసినా నా కంటి మీద నాకే నమ్మకం కుదరడం లేదు.

వారం నుంచి ఇంకోటి మొదలైంది. స్క్రీన్ మధ్యకి కాస్త కుడిగా, బొటనవేలి గోరంత తెల్లటి మరక. గీత గీసినట్టు అంచులేం లేవు, మబ్బు తునకలా చుట్టూ కలిసిపోయి ఉంది. నల్లటి బొమ్మ మీద కనిపించదు, బూడిద రంగు మీద మాత్రం బాగా తెలుస్తుంది. పైనున్న మరక కాదు, తుడిస్తే పోవడం లేదు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లోనే రెండు నిమిషాలు చూసి, "ఎల్‌సీడీల్లో ఈ మాత్రం తేడా మామూలే, లిమిట్ లోపలే ఉంది" అని తిరిగి ఇచ్చేశారు. ఇది సెట్టింగుల్లో సరిచేసుకోగలిగేదా? ఇంకా పాకుతుందా? స్క్రీన్ మార్చాల్సిందే అంటే వారంటీ ఇంకా రెండు నెలలే ఉంది, వాళ్లని ఎలా ఒప్పించాలి? చాలా టెన్షన్‌గా ఉంది. పని అంతా దీంట్లోనే ఉంది మరి.


నీలిపిక్సెల్

ముందు ఆ మచ్చ ఎక్కడుందో తేల్చుకోండి. బొమ్మలో ఉందా, గాజు మీద ఉందా, గాజు కింద బొమ్మ చూపించే ప్యానెల్ లోపల ఉందా అన్నది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇది తేల్చకుండా సెట్టింగులు కెలుకుతూ కూర్చుంటే రోజులు గడుస్తాయి తప్ప ఏమీ తేలదు.

తెల్ల పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకుని చూడండి. స్క్రీన్‌షాట్ అనేది టాబ్లెట్ స్క్రీన్‌కి పంపుతున్న బొమ్మ, స్క్రీన్ చూపిస్తున్న బొమ్మ కాదు. పసుపు అందులో కూడా కనిపిస్తే తప్పు యాప్‌లోనో సాఫ్ట్‌వేర్‌లోనో ఉన్నట్టు. ఫోన్‌లో శుభ్రంగా ఉండి టాబ్లెట్‌లో మాత్రమే పసుపు ఉంటే తేడా అంతా స్క్రీన్ దగ్గరే. ఒక్క మెలిక ఉంది, నైట్ లైట్, నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ లాంటి, స్క్రీన్ రంగుని వెచ్చగా మార్చే సెట్టింగులు ఆన్‌లో ఉన్నా మామూలుగా స్క్రీన్‌షాట్‌లో ఆ పసుపు పడదు. కాబట్టి వాటిని ముందే ఆపేయండి. యాక్సెసిబిలిటీలో కలర్ కరెక్షన్, కలర్ ఫిల్టర్ అని ఉంటాయి, చేయి తగిలి ఆన్ అయిపోతుంటాయి, అవి కూడా చూడండి. అయితే ఇవన్నీ స్క్రీన్ మొత్తాన్నీ ఒకేలా మారుస్తాయి. మీకు ఒక మూల మాత్రమే మారిందంటున్నారు కాబట్టి నాకు వీటి మీద పెద్ద అనుమానం లేదు.

తర్వాత టాబ్లెట్‌ని తలకిందులుగా తిప్పండి, బొమ్మ కూడా దాంతోపాటు తిరగాలి. మచ్చ ఇప్పుడు బొమ్మలో పై కుడి మూలకి వచ్చి, టాబ్లెట్ మీద మాత్రం అదే చోట ఉండిపోతే అది ప్యానెల్‌దే.

టెంపర్డ్ గ్లాస్ గానీ ప్లాస్టిక్ ఫిల్మ్ గానీ వేసి ఉంటే తీసేసి చూడండి. కొన్ని ఫిల్మ్‌లు, ముఖ్యంగా మెత్తగా సాగే రకాలు, ఎండకీ చేతి నూనెకీ పసుపు ఎక్కుతాయి. స్టైలస్ పట్టుకున్న అరచేయి ఎప్పుడూ ఆనించే మూల అయితే మరీను.

ఇవన్నీ తెల్ల పేజీ మీదే కాకుండా నడిమి బూడిద రంగు మీద కూడా చూడండి. మీరు డ్రాయింగ్ యాప్‌లోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 128 పెట్టి పేజీ అంతా నింపితే చాలు. తెలుపులో దాక్కునే తేడాలు బూడిదలో బయటపడతాయి.


సాయంత్రం_నడక

ఎడమ మూల విషయం నాకు తెలియదు గానీ నా పాత టాబ్లెట్‌లో ఇలాంటి పసుపే వస్తే, హెయిర్ డ్రయ్యర్‌తో ఆ మూల కాసేపు వేడి చేసి మెత్తటి బట్టతో గట్టిగా ఒత్తుతూ రుద్దితే తగ్గిందండి. లోపల జిగురు సర్దుకుంటుందని ఎవరో చెప్పారు. ఒకసారి ప్రయత్నించండి, పోయేదేం లేదు కదా.


పొరలవెనుక

పై సలహా దయచేసి పాటించకండి. రాసినవారి మంచి ఉద్దేశం నాకు అర్థమైంది, కానీ ఈ కేసులో అది ప్రమాదం. ఎందుకో కింద చెప్తాను. నేను పన్నెండేళ్లుగా ఫోన్లు, టాబ్లెట్లు రిపేర్ చేస్తున్నాను.

జిగురు మాట పూర్తిగా అబద్ధం కాదు. పైగాజుని ప్యానెల్‌కి పారదర్శకమైన జిగురుతో అతికిస్తారు. 2010లో ఐఫోన్ 4 వచ్చిన కొత్తలో పెట్టె తెరవగానే పసుపు మచ్చలు కనిపించాయని చాలామంది రాశారు, జిగురు పూర్తిగా ఆరకపోవడమే కారణమని, కొద్ది రోజుల్లో తగ్గిపోతుందని అప్పట్లో అనుకున్నారు. కానీ అది సరికొత్త పరికరం సంగతి. ఎనిమిది నెలలు శుభ్రంగా పనిచేసి ఆ తర్వాత మొదలైన పసుపుకి ఆరని జిగురు కారణం కాదు. ఆరాల్సింది ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది.

ఎల్‌సీడీలో వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ రెండు మరకలూ అర్థమవుతాయి. అమోలెడ్ అనే ఇంకో రకం స్క్రీన్‌లో ప్రతి పిక్సెల్ దానంతట అదే వెలుగుతుంది. మీ ఎల్‌సీడీలో అలా కాదు. మామూలు టాబ్లెట్లలో ఒక అంచు పొడవునా సన్నటి ఎల్ఈడీల వరుస ఉంటుంది. ఆ వెలుగు పక్క నుంచి ఒక పారదర్శక పలకలోకి దూరి, దానంతటా పరుచుకుని పైకి తిరుగుతుంది. పలక మీద పాల రంగు పొర, దాని మీద సన్నటి గాడులున్న పొరలు. అవి వెలుగుని సమం చేసి మన కంటి వైపు పంపుతాయి. ఆ పైన ప్యానెల్, ఆ పైన గాజు. ఈ పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, కాగితాల దొంతరలా ఊరికే పేర్చి ఉంటాయి. వెనక నుంచి ఏదైనా ఒకచోట ఒత్తితే అక్కడ పొరల మధ్య ఖాళీ పోయి వెలుగు ఎక్కువగా పైకి వస్తుంది. మీరు చెప్పిన గోరంత మబ్బు తునక సరిగ్గా అలాగే ఉంటుంది. నల్ల బొమ్మ మీద ప్యానెల్ వెలుగుని ఆపేస్తుంది కాబట్టి అప్పుడు కనిపించదు, బూడిద మీద బాగా కనిపిస్తుంది.

పసుపు మూల సంగతి కూడా చెప్తాను. తెల్ల ఎల్ఈడీ అని మనం అనేది నిజానికి నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు పూత. రెండూ కలిసి మన కంటికి తెలుపు అవుతాయి. సూటిగా వచ్చే వెలుగులో నీలం పాలు ఎక్కువ, ఏటవాలుగా వచ్చేదాంట్లో పసుపు పాలు ఎక్కువ. ఆ వరుసకీ పలకకీ అమరిక కాస్త తప్పినా ఆ అంచున రంగు మారిపోతుంది. అంటే ఏదో ఒకటి లోపలి నుంచి స్క్రీన్‌ని నెడుతోంది అనిపిస్తోంది నాకు. టాబ్లెట్‌లో స్క్రీన్ వెనక ఎక్కువ చోటు ఆక్రమించేది బ్యాటరీ.

ఇప్పుడు అర్జెంటుగా ఒక పని చేయండి. కవర్ తీసేయండి. చదునైన బల్ల మీద స్క్రీన్ పైకి ఉండేలా పెట్టండి. వెనక కెమెరా బొడిపె ఉంటే అది బల్ల అంచు బయటికి వచ్చేలా జరపండి, లేకపోతే ఆ బొడిపె వల్లే ఊగి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇప్పుడు ఒక మూలని వేలితో మెల్లగా, మెల్లగా మాత్రమే, తాకి చూడండి. టాబ్లెట్ ఊగుతోందా, బొంగరంలా మధ్య మీద తిరుగుతోందా? తర్వాత ఒక స్టీలు స్కేలుని దాని పొడవాటి అంచు ఆనేలా స్క్రీన్ మీద నిలబెట్టి అవతల నుంచి దీపం వెలుగు చూడండి. స్కేలుకీ గాజుకీ మధ్య వెలుగు సందు ఎక్కడైనా ఉందా? గాజు అంచు ఫ్రేమ్ నుంచి లేచిందా?

ఏది కనిపించినా దయచేసి నొక్కి సరిచేయబోకండి. తేలేదాకా ఛార్జింగ్ కూడా పెట్టకండి.


గీతలగూడు

మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఒక్కొక్కటీ చేశాను.

నైట్ లైట్ ఆపే ఉంది. స్క్రీన్‌షాట్ ఫోన్‌లో తెల్లగా ఉంది. తిప్పి చూస్తే రెండు మరకలూ ఉన్నచోటే ఉన్నాయి. ఫిల్మ్ తీసేశాను, అది కాస్త పసుపెక్కిన మాట నిజమే, తెల్ల కాగితం మీద పెడితే తెలిసింది, కానీ తీసేశాక కూడా మూల అలాగే ఉంది.

ఇక బల్ల మీద పెట్టడం. కెమెరా బయటికి ఉండేలాగే పెట్టాను. మూలని తాకగానే తిరిగింది. ఊగడం కాదండి, నిజంగానే తిరిగింది, చిన్నగా ఒక పావు వంతు. చేయి వెనక్కి తీసేసుకున్నాను. కవర్‌లో ఉన్నంతకాలం ఇది తెలియనే లేదు. స్కేలు పెట్టి చూస్తే రెండు చివర్ల కింద వెలుగు సందు, మధ్యలో, సరిగ్గా ఆ తెల్ల మరక ఉన్నచోట, గాజుకి ఆనుకుని ఉంది. ఎడమ పక్క కింద గాజుకీ ఫ్రేమ్‌కీ మధ్య గోరు దూరేంత కాదు గానీ దుమ్ము గీత ఒకటి కనిపిస్తోంది, కుడి పక్క అది లేదు.

చాలా భయమేసింది. నేను రోజూ పొద్దున ఛార్జర్ పెట్టి సాయంత్రం దాకా తీయకుండా పని చేస్తాను. దానివల్లేనా? ఇంకో సమస్య, సగం పుస్తకం దీంట్లోనే ఉంది, బయట కాపీ లేదు. ఇప్పుడు 41 శాతం ఛార్జింగ్ ఉంది. ఏం చేయను?


పొరలవెనుక

మీ బ్యాటరీ ఉబ్బినట్టుంది. ముందు కంగారు పడకండి. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు.

వేడిగా ఉందా? తీపి వాసనలాగా, నెయిల్ పాలిష్ రిమూవర్ లాగా ఏదైనా వాసన వస్తోందా? ఈ రెండిట్లో ఏది ఉన్నా డేటా సంగతి మర్చిపోయి ఆపేసి బయట పెట్టండి. లేకపోతే, చల్లగానే ఉంటే, ఆ 41 శాతం మీదే, ఛార్జర్ పెట్టకుండా, వెలుగు బాగా తగ్గించి, వైఫై మీద ఫైళ్లు క్లౌడ్‌కి పంపేయండి. పక్కనే ఉండండి, వేరే పనికి వెళ్లకండి. ముందు సోర్స్ ఫైళ్లు, అంటే లేయర్లు ఉన్నవి, తర్వాతే మిగతావి. అయిపోగానే పూర్తిగా స్విచాఫ్ చేయండి. స్లీప్ కాదు, స్విచాఫ్. పింగాణీ పలక మీదో సిమెంటు నేల మీదో పెట్టండి, పరుపు మీద, కాగితాల కట్ట మీద వద్దు. ఎండ తగలకూడదు. మీద బరువు పెట్టకూడదు.

ఎందుకు ఉబ్బుతుందంటే, లిథియం అయాన్ బ్యాటరీ లోపలి ద్రవం మెల్లగా విరిగిపోయి గ్యాస్ తయారవుతుంది. టాబ్లెట్ బ్యాటరీకి గట్టి డబ్బా ఉండదు, రేకు సంచిలాంటి పొర ఉంటుంది, గ్యాస్ నిండితే దిండులా లేస్తుంది. నిండుగా 100 శాతం దగ్గర ఎక్కువకాలం ఉండిపోవడం, దానికి తోడు వేడి, ఈ రెండూ దాన్ని తొందరపెడతాయి. కానీ మీ తప్పు అని తల మీద వేసుకోకండి. పది నెలలకే ఉబ్బిందంటే అది బ్యాటరీ లోపమే, ఛార్జర్ పెట్టి పని చేసుకోవడం టాబ్లెట్ వాడే పద్ధతుల్లో ఒకటే కదా.

హెయిర్ డ్రయ్యర్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఉబ్బిన సంచికి వేడి తగిలించి పైనుంచి గట్టిగా రుద్దితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్ట్ కావచ్చు. అంటుకుంటే ఆపడం చాలా కష్టం. సూదితో పొడిచి గ్యాస్ తీసేయమని కూడా ఎక్కడో చదువుతారు, దాని జోలికి అసలు పోకండి.


సాయంత్రం_నడక

నిజంగా సారీ అండి. నా టాబ్లెట్‌కి ఏమీ కాలేదు కాబట్టి తోచింది చెప్పేశాను. పై పోస్టులో ఆ సలహా పాటించవద్దని ఎడిట్ చేసి రాస్తాను. మీ ఫైళ్లు క్షేమంగా వచ్చాయా, అది మాత్రం చెప్పండి.


పాతపరికరం

సర్వీస్ సెంటర్ వాళ్లని ఎలా ఒప్పించాలి అని అడిగారు కదా, దాని గురించి చెప్తాను, నేను ఆ బాధ పడ్డవాడిని.

మీరు మొదటిసారి వెళ్లినప్పుడు "రంగు తేడా" అని చెప్పారు. రంగు తేడాకి వాళ్ల దగ్గర తయారుగా ఒక జవాబు ఉంటుంది, లిమిట్ లోపలే ఉందని. నిజానికి స్క్రీన్ అంతటా రంగు కచ్చితంగా ఒకేలా ఉండదు, చచ్చిన పిక్సెల్ ఒకటీ రెండూ ఉన్నా ఒప్పుకోవాల్సిందే అనే కంపెనీలు చాలా ఉన్నాయి. కాబట్టి ఆ దారిలో వాదిస్తే గంటలు పోతాయి. ఈసారి వెళ్లినప్పుడు మొదటి మాటే "బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ పైకి లేస్తోంది" అనండి. మరకల మాట తర్వాత. మొదటిది అందం గురించిన ఫిర్యాదు, రెండోది భద్రత గురించిన ఫిర్యాదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు రెండోదాన్ని అలా తోసేయలేరు.

నోటితో చెప్పి ఊరుకోకండి. వెళ్లేముందే మెయిల్ పెట్టండి. కొన్న తేదీ, బిల్లు ఫోటో, సీరియల్ నంబర్, మొదట ఏ రోజు చూశారు, ఏ రోజు సర్వీస్ సెంటర్‌కి వెళ్లారు, ఏం చెప్పి పంపించారు, అన్నీ రాయండి. పోయినసారి వాళ్లు ఏ కాగితమూ ఇవ్వకుండా పంపేసి ఉంటే ఆ మాట కూడా రాయండి. నేను చేసిన తప్పు అదే, మూడుసార్లు తిరిగాను, ఒక్కసారి కూడా జాబ్ షీట్, అంటే ఫిర్యాదు నమోదు చేసి ఇచ్చే కాగితం, తీసుకోలేదు. నాలుగోసారి వెళ్లేసరికి వారంటీ అయిపోయింది. "మీరు ముందే రావాల్సింది" అన్నారు. ముందే వచ్చానని చూపించడానికి నా దగ్గర చీటీ ముక్క కూడా లేదు. వారంటీ ఉండగానే ఫిర్యాదు నమోదైతే, రిపేరు ఆ తేదీ దాటాక జరిగినా మీ వైపు బలం ఉంటుంది.

ఫోటోల విషయంలో జాగ్రత్త. మామూలుగా ఫోన్‌తో తీస్తే కెమెరా దానంతట అదే రంగు సరిచేసేసి పసుపుని మాయం చేస్తుంది. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ని, అంటే తెలుపు ఏ రంగులో పడాలో సర్దే సెట్టింగ్‌ని, ఒకచోట లాక్ చేసి, చీకటి గదిలో, మూల పసుపు, మధ్య తెలుపు రెండూ ఒకే ఫ్రేమ్‌లో వచ్చేలా తీయాలి. మీరు స్విచాఫ్ చేసేశారేమో కాబట్టి ఇప్పుడు మళ్లీ ఆన్ చేయకండి, ఉన్నవాటితో సరిపెట్టండి. మీకు అసలు కావాల్సింది పక్క నుంచి తీసిన ఫోటో. స్క్రీన్ మీద స్కేలు, దాని కింద వెలుగు సందు. ఆ ఒక్కటీ చాలు.


నీలిపిక్సెల్

పాతపరికరం గారు చెప్పినదానికి ఇంకో మాట. కొరియర్‌లో మాత్రం పంపకండి. ఉబ్బిన బ్యాటరీని మామూలు పార్సిల్‌లా పంపకూడదు, విమానంలో అసలే తీసుకెళ్లకూడదు. ముందే ఫోన్ చేసి ఉబ్బిందని చెప్పి స్వయంగా తీసుకెళ్లండి. వాళ్లు టాబ్లెట్ మార్చి ఇస్తే పాతదాని అకౌంట్ లాక్ తీసేయమంటారు, కొన్ని టాబ్లెట్లకైతే దాన్ని ఆన్ చేయకుండానే వేరే పరికరం నుంచి మీ అకౌంట్‌లోకి లాగిన్ అయి, అందులోని పరికరాల లిస్టులోంచి తీసేయొచ్చు.


గీతలగూడు

ఫైళ్లన్నీ వచ్చేశాయి, లేయర్లతో సహా. రెండు గంటలు పక్కనే కూర్చున్నాను. 17 శాతం దగ్గర స్విచాఫ్ చేశాను. సాయంత్రం_నడక గారూ, మీరు బాధపడకండి, సాయం చేయాలనే కదా చెప్పారు.

స్కేలు ఫోటో తీసి మెయిల్ పెట్టాను. రేపు ఉదయం వెళ్తున్నా.


గీతలగూడు

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఇలాంటి సమస్యతో వచ్చేవాళ్లకి పనికొస్తుందని జరిగింది రాస్తున్నాను.

ఈసారి కౌంటర్ దగ్గర ముందు ఆ ఫోటో చూపించి, బ్యాటరీ ఉబ్బిందండి అన్నాను. ఆ అబ్బాయి టాబ్లెట్ తీసుకుని బల్ల మీద పెట్టి తాకగానే మళ్లీ తిరిగింది. వెంటనే లోపలికి తీసుకెళ్లాడు. పోయినసారి చూసిందీ అతనే. వారంటీ గురించి ఒక్క మాట అడగలేదు. జాబ్ షీట్‌లో "స్క్రీన్ రంగు మారింది" అని రాయబోతే, ముందు బ్యాటరీ ఉబ్బడం రాయమని అడిగి రాయించుకున్నాను.

నాలుగో రోజు లోపలి టెక్నీషియన్ ఫోన్ చేసి మాట్లాడారు. బ్యాటరీ రెండు ముక్కలుగా ఉంటుందట, వాటిలో ఒకటే ఉబ్బింది. దాని ఉబ్బు సరిగ్గా తెల్ల మరక వెనకే ఉంది. ఎడమ కింద ఫ్రేమ్ జిగురు విడిపోయి స్క్రీన్ ఆ మూల వెంట్రుకవాసి లేచిందట, పసుపు అక్కడే. పొరలవెనుక గారు చూడకుండానే చెప్పారు ఇదంతా. బ్యాటరీ, స్క్రీన్ రెండూ మార్చడం కంటే టాబ్లెట్టే మార్చి ఇస్తామన్నారు. పదో రోజు కొత్తది వచ్చింది.

ఇంటికి రాగానే బూడిద పేజీ నింపి చూశాను. మూలలన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ మొత్తం స్క్రీన్ పాతదానికంటే కాస్త వెచ్చగా అనిపిస్తోంది, అంటే అంతటా సమానంగా లేత పసుపు. గదిలో వెలుగుని బట్టి రంగు మార్చే సెట్టింగ్ ఆపేశాక చాలావరకు తగ్గింది, ఇంకొంచెం ఉంది. ఇది కూడా లోపమేనా? మళ్లీ వెళ్లాలా?


పొరలవెనుక

వెళ్లనక్కర్లేదు. అంతటా సమానంగా ఉన్నదాన్ని లోపం అనలేం. తెలుపు ఏ రంగులో ఉండాలన్నదానికి 6500 కెల్విన్ అని ఒక కొలత పెట్టుకుంటారు, కానీ తయారీలో ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ కాస్త తేడా ఉంటుంది. పైగా మీ కన్ను పది నెలలుగా పాత స్క్రీన్‌కి అలవాటు పడింది. మీ టాబ్లెట్ సెట్టింగుల్లో డిస్‌ప్లే కింద తెలుపు సర్దుకునే స్లైడర్ ఉంటే, పగటి వెలుగులో తెల్ల కాగితం పక్కన పెట్టుకుని ఒక్కసారి సర్దుకుని ఇక కదపకండి. వారం రోజుల్లో కన్ను దీనికి అలవాటు పడుతుంది. ఒక మూల మాత్రమే తేడా వస్తే, అది పెరుగుతుంటే, అప్పుడు ఆలోచించాలి.

ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ చాలా టాబ్లెట్లలో వచ్చింది, మీ దాంట్లో ఉంటే ఆన్ చేసేయండి. రోజంతా ప్లగ్‌లో పెట్టి పని చేసేవాళ్లకి అది చాలా మేలు. నెలకోసారి కవర్ తీసి బల్ల మీద పెట్టి చూసుకోండి.


గీతలగూడు

80 శాతం సెట్టింగ్ ఉంది, పెట్టేశాను. తెలుపు కూడా సర్దుకున్నాను.

నిన్న రాత్రి ఆ చెరువు పేజీలు తెరిచాను. ఫోన్ చూస్తూ సరిదిద్దానన్నాను కదా, మూడిట్లో ఒకటి బాగానే ఉంది. మిగతా రెండిట్లో ఎడమ పక్క, తామరాకుల కింద, నేను అప్పట్లో పూసిన నీలం ఇంకా పట్టీలా కనిపిస్తోంది. ఫోన్‌లో చిన్నగా ఉండి తెలియలేదు. ఇప్పుడు ఆ లేయర్ తీసేసి నీళ్లు మొదటి నుంచి వేస్తున్నాను.